ఎడిటర్ అడుగున రంగు పట్టీ

కాశీబుగ్గలో నాకు కంప్యూటర్ నేర్పిన సారును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయింది కదా, మరిచిపోకూడదా అంటారు. మరిచిపోను.

ప్రోగ్రాములు రాసే ఎడిటర్లో స్క్రీన్ అడుగున ఒక పట్టీ ఉంటుంది. మనం కొట్టేది అక్షరంగా పడుతుందో, కమాండుగా పనిచేస్తుందో దాన్ని చూసి తెలుసుకోవాలి. మామూలుగా అక్కడ మాటల్లోనే రాసి ఉంటుంది. మా సారు ఆ మాటలు తీసేసి రంగులు పెట్టాడు. అక్షరాలకు ఆకుపచ్చ, కమాండ్లకు ఎరుపు. తన తెలివికి తనే మురిసిపోయేవాడు.

నాకు ఆ రెండు రంగులూ ఒకటే. మా మావకీ అంతే. అమ్మ తమ్ముడాయన, కవిటి అవతల మా ఊళ్ళో చేపల వేటకెళ్ళేవాడు. సముద్రంలో ఎవరి వల ఎక్కడుందో తెలియడానికి, తేలే బెండుకు కర్ర గుచ్చి తలా ఒక రంగు గుడ్డ కడతారు. మావది ఎర్రగుడ్డ. ఒకసారి తనదే అనుకుని పచ్చగుడ్డ కట్టిన వల లాగేశాడు. ఒడ్డున అందరి ముందూ దొంగన్నారు, కొట్టారు. అప్పట్నుంచి నల్లగుడ్డ మీద తెల్లగుడ్డ కుట్టి కట్టుకునేవాడు.

నేనూ అదే చేశాను. సెట్టింగుల ఫైలు తెరిచి, పట్టీకి నలుపూ తెలుపూ పెట్టాను. మా కంప్యూటర్ సెంటర్లో అందరిదీ ఒకటే లాగిన్ అన్న సంగతి ఆలోచించలేదు. మర్నాడు అన్ని మానిటర్ల మీదా నా రంగులే.

ఎందుకు మార్చానో నేనే సారుకు చెప్పాను. ఆయన తన పెన్ను పైకెత్తి, "ఇదేటి కలర్రా, సెప్పు," అన్నాడు. తర్వాత ఒకమ్మాయి రిబ్బను. తర్వాత గోడమీది క్యాలెండరు. క్లాసంతా నవ్వింది. సారు పాత రంగులే మళ్ళీ పెట్టి, ఆ ఫైలు ఇంకెవరూ ముట్టుకోకుండా చేశాడు.

విశాఖలో ఉద్యోగానికి సెంటర్ నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. దానికో పరీక్ష. అది పోతే నాకు మిగిలేది మావ తెప్పే.

పరీక్షలో పట్టీ వైపు చూడడం మానేశాను. ఎస్కేప్ మీట నొక్కితే ఎక్కడున్నా కమాండ్లలోకి వచ్చేస్తాం, అప్పటికే అక్కడుంటే మెషీను కుయ్‌మంటుంది. ప్రతి కమాండుకూ ముందు అది నొక్కుతూ పోయాను. పని చకచకా సాగింది. ఇంకాస్తలో అయిపోతుందనగా సారు నా వెనక్కొచ్చాడు.

"ఏటా సౌండు. మిగతావోలు రాసుకోవద్దేటి?"

అక్కడి సీపీయూలకు మూతలుండేవి కావు. చెయ్యి పెట్టి స్పీకరు వైరు పీకితే సరిపోయేది. ఆయన నా కీబోర్డు వైరు పీకాడు.

"లెగు," అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి మావ ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అంతా విని, "నువ్వెవల వల లాగీసినావురా?" అన్నాడు.

"ఎవలదీ లాగలేదు మావా. నాదే కోసీసినాడు."

మావ కాస్త జరిగి చోటిచ్చి, వల అల్లే సూది ఇంకొకటి నా చేతిలో పెట్టాడు.