నాన్న డబ్బాలో నకిలీ నాజిల్

ఆ తుపాకీ గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. మా దీవిలో, మిడిల్ పాయింట్‌లో ఆఫీసు అవగానే డిగ్నాబాద్‌లోని ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా దాని ముందు కూర్చునేవాణ్ణి. ముప్ఫై ఆరేళ్ళ వాణ్ణి. పేలని తుపాకీ. బొమ్మ తుపాకీ. ఛీ.

చిన్నప్పుడు చూసిన ఒక అంతరిక్ష సినిమాలో హీరో చేతిలో ఉండేది అది. నీలం వెలుగు కక్కి ఎదుటివాణ్ణి బూడిద చేసేది. అలాంటి వాటి నకళ్ళు చేసుకునే వాళ్ళ గుంపులో ఫోన్ ద్వారా చేరాక తెలిసింది, సినిమా వాళ్ళు దాన్ని పాత సామాను లోంచి ఏరి కట్టారని. పిడి పాత కెమెరా ఫ్లాష్‌ది. మీట కుళాయిది. మూతి ఏమో చిన్న డీజిల్ ఇంజన్ నాజిల్, అంటే ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మే ముక్క. షూటింగ్ అయ్యాక అదంతా మళ్ళీ చెత్తలోకే పోయి ఉంటుంది. మా గుంపుకి మాత్రం ఆ చెత్తే దేవుడు. సినిమాని ఆపి ఆపి చూసి, ఏ ముక్క ఏ యంత్రానిదో పసిగట్టి, సరిగ్గా అదే ముక్క కోసం ఊళ్ళు గాలిస్తారు. దొరికితే పనిచేస్తున్న యంత్రాన్నైనా విప్పి పీకేస్తారు. సిగ్గులేని మంద. అందులో నేనొకణ్ణి.

సరిగ్గా అలాంటి నాజిల్ మా ఇంట్లోనే ఉంది. మాది శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి వచ్చిన చేపల వేట కుటుంబం. నాన్న డోంగీలో, అంటే చిన్న మోటారు పడవలో, ఉన్నది పాత ఇంజన్, దానికి ఈ నాజిలే. ఒకటి ఇంజన్‌లో, ఒకటి స్పేరు. ఆ స్పేరుని నూనెగుడ్డలో చుట్టి, పాలపొడి డబ్బాలో పెట్టి, డోంగీ ముక్కు కింద దాచేవాడు నాన్న. వేటకి బయల్దేరేటప్పుడు ఆ డబ్బా మూత తీయకూడదని మా వాళ్ళలో ఒక పట్టింపు. తీస్తే ఇంజన్ చెడిపోవడాన్ని పిలిచినట్టట. అందుకని డబ్బాని చేత్తో ఎత్తి చూస్తారు. బరువుంటే ముక్క ఉన్నట్టే.

ఒక ఆదివారం నాన్నని అడిగి ఆ స్పేరు తెచ్చుకుని, దానికి రబ్బరు అచ్చు తీసి, మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. అచ్చులో ఆరితే గట్టిపడే రెజిన్ జిగురు పోసి చేసిన ముక్కని తుపాకీకి తగిలించి గుంపులో ఫొటో పెట్టాను. ఎవడో రాశాడు: "భాయ్, బాకీ సబ్ సూపర్. మూతి మాత్రం నకిలీ కదా?" మిగతాదంతా బాగుందన్నా, ముక్కూ మొహం తెలియనివాడి ఆ ఒక్క మాటకి నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు.

ఇంకో ముక్క పోశాను. ఈసారి బరువు సరిపోవాలని నాన్న వలకి బరువుగా కట్టే సీసం గుళ్ళు నాలుగు లోపల పెట్టాను. వంటింటి త్రాసులో తూచి మరీ చూసుకున్నాను. పైన వెండి రంగు, దాని మీద తుప్పు రంగు. మా ఊళ్ళో తుప్పు కావాలంటే ఒక వారం కిటికీ తెరిచి ఉంచితే చాలు. నేనేమో బ్రష్షు పట్టుకుని అద్దాను. నాన్నకి చెప్పకుండా దాన్ని తీసుకెళ్ళి డబ్బాలో పెట్టి, అసలుది తెచ్చేసుకున్నాను. మద్రాసులో కొత్తది ఆర్డరిచ్చాను, షిప్పులో రాగానే పెట్టేస్తాను, పది రోజుల మాట కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు నాజిల్‌కి చిల్లు పొడిచి, నీలం లైటు దూర్చి, గట్టిగా అంటించేశాను. గుంపంతా చప్పట్లు. ఆ చప్పట్లు చూసుకుంటూ మురిసిపోతున్నాను. వాతావరణం బాగోలేక షిప్పు అక్కడే ఆగిపోయింది.

గాలి తగ్గిన రోజు తెల్లారకముందే నాన్నా మామయ్యా వేటకి వెళ్ళారు. మధ్యాహ్నానికి రావాలి. నాలుగైనా రాలేదు. అమ్మ గుమ్మంలోంచి కదలకుండా నాన్నకి ఫోన్ కలుపుతూనే ఉంది.

"ఫోన్ లగట్నేదురా. ఏటయిందో ఏటో," అంది. మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది: "ఇంజన్ బంద్ అయినా పర్వానేదులే. డబ్బాలో నాజిల్ ఉంది గదా?"

"ఉందమ్మా," అన్నాను.

ఆ మాట అన్న నోరు నాదే. ఇన్నాళ్ళయినా ఆ నోటిని చూసుకోవడానికి అద్దం ముందు నిలబడాలంటే అసహ్యం వేస్తుంది.

జెట్టీకి పరిగెత్తాను. చీకటి పడబోతుండగా ఇంకొకరి డోంగీ మా డోంగీని తాడుకట్టి లాక్కొచ్చింది. పొద్దున్నే ఇంజన్‌లో ఉన్న నాజిల్ పోయిందట, డబ్బాలోది పనికిరాలేదట. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయి, రోజంతా ఎండలో కెరటాల మీద కొట్టుకుపోయారట. ఇద్దరి పెదాలూ పగిలి ఉన్నాయి. మామయ్య దిగుతూనే అరిచాడు: "ఆ దుకాణపోడు నకిలీ మాల్ అంటగట్టినాడు బావా! ఆడి సంగతి సూడాల!" నాన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. నేను ఖాళీ నీళ్ళ క్యాను అందుకుని వెనకే నడిచాను.

ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, నాన్న జేబులోంచి రెండు ముక్కలు తీసి నా ముందు పెట్టాడు. స్పానర్ పెట్టగానే విరిగిందట. విరిగినచోట సీసం గుళ్ళు కనిపిస్తున్నాయి. ఆయన సుత్తితో కొట్టి చేసుకున్న గుళ్ళు.

"నా వల సీసం దుకాణపోడి దగ్గిరికి ఎలా ఎల్తాదిరా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ ముక్కని అటూ ఇటూ తిప్పాడు. "పొద్దల్లా దీన్నే సూస్తూ కూకున్నాను. ఆ తుప్పు గూడా అలాగే పెట్టినావు. శానా బాగా సేసినావురా."

గుంపులో ఎవరూ నన్ను అంతగా మెచ్చుకోలేదు. పెరట్లోకి వెళ్ళి కక్కుకున్నాను.

తిరిగొచ్చేసరికి నాన్న చెయ్యి చాపి ఉన్నాడు. "అసలుది తే." తుపాకీలోంచి ఊడబెరికి ఇచ్చాను. చిల్లులోంచి నీలం లైటు తీగ వేలాడుతోంది. ఆయన దాన్ని కాసేపు చూసి, బల్ల మీద పెట్టి, అన్నానికి లేచాడు.

తర్వాతి షిప్పులో కొత్త నాజిల్ వచ్చింది. నేనే నూనెగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, నాన్న చేతికిచ్చాను. వేటకి బయల్దేరబోతూ, జెట్టీ మీద మావాళ్ళంతా చూస్తుండగా ఆయన డబ్బా మూత తీశాడు. గుడ్డ విప్పి, నాజిల్‌ని గోటితో గీకి చూశాడు. అప్పట్నుంచి వేటకి వెళ్ళే ప్రతిరోజూ అలాగే గీకి చూసి వెళ్తున్నాడు.