నిమ్మకాయ తొక్కిన బండి

పూజ చేసింది అయిదుగురం. ఇల్లు ఖాళీ చేయించింది ఒక్కడి చేత.

మూడేళ్ళ కిందటి దసరా. బళ్ళారి జీన్స్ కంపెనీ ఒకటి చైనాలోని గ్వాంగ్‌జౌలో గుడ్డ కొనేది. అక్కడ నేను చెకింగ్ మాస్టరుని. ప్రతి తానులోంచీ చిన్న ముక్క కత్తిరించి, అన్నిటినీ వరుసగా కుట్టి, రంగు తేడా చూడాలి. దాన్ని షేడ్ బ్యాండ్ అంటారు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. తానుల మీది చీటీలు చదివే ఇంగ్లీషు నేర్చుకున్నాను.

కంపెనీ అద్దెకు తీసిన ఫ్లాటు పదకొండో అంతస్తులో. మేనేజరు, నేను, కురుగోడు నుంచి వచ్చిన సాంపిల్ టైలరు హొన్నూరప్ప, ఇంకో ఇద్దరు. హొన్నూరప్పకు ఒక బ్యాటరీ బండి ఉండేది. రోజూ నన్ను వెనక కూర్చోబెట్టుకుని పన్నెండు నిమిషాల్లో గుడ్డ ఫ్యాక్టరీలో దింపేవాడు. బండ్లన్నీ కింద షెడ్డులో, ఎవరి చార్జింగ్ చోటు వాళ్ళకు.

ఆయుధపూజ నాడు హొన్నూరప్ప బండి కడిగి నిలబెట్టాడు. "ఏడాదంతా మోసింది గదప్పా, ఒక్క నిమ్మకాయన్నా తొక్కియ్యకుంటే ఎట్ల?"

"శబ్దమే చెయ్యని బండి, పూజ చేస్తాండామని దానికి యాడ తెలుస్తాది రా?" అని మేనేజరు నవ్వాడు.

అక్కడి బజారులో బూడిద గుమ్మడికాయకు కొదవ లేదు, వాళ్ళు కూర వండుకుంటారు. దానిలో కుంకుమ నింపి గేటు ముందు పగలగొట్టాం. షెడ్డులో, బండ్ల నడుమ, కర్పూరం వెలిగించాం. మేనేజరూ కళ్ళకద్దుకున్నాడు. కాపలావాడు గేటు దగ్గర ఎర్రగా చూసి ఎవరికో దెబ్బ తగిలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. బ్యాటరీల మధ్య మంట చూసి కేక పెట్టి ఇసుక కుమ్మరించాడు.

మర్నాడు ఆ కాంప్లెక్సు ఆఫీసు వాళ్ళు నిప్పు పెట్టిందెవరని మేనేజరుని అడిగారు. ఆయన వచ్చి మాతో అన్నాడు: "ఎవురిదో ఒక పేరు ఇయ్యల్ల. బండి ఎవునిది? హొన్నూరుది. ఆయ్తు, అయిపాయ. వాణ్ణి ఖాళీ చెయ్యమంటాండారు."

కర్పూరం వెలిగించింది నా చెయ్యి. అప్పుడు నా నోరు లేవలేదు.

ఆ దేశంలో పరదేశి ఇల్లు మారితే ఒక్క రోజులో పోలీస్ స్టేషనులో కొత్త అడ్రసు రాయించాలి. లేకపోతే వీసాకే ముప్పు. అందుకని నాలుగు రోజులు ఎక్కడో తలదాచుకోవడానికి వీల్లేదు; ఊరి చివర కంపెనీ గోడౌను గదికి ఆ సాయంత్రమే అతన్ని పంపారు. అక్కణ్ణుంచి బస్సు, రెండు మెట్రోలు, ఆపైన నడక. పోను గంటన్నర, రాను గంటన్నర. అంత దూరానికి బండి చార్జింగు చాలదు; మా షెడ్డులో కూడదన్నారని మేనేజరు చెబితే దాన్ని ఫ్యాక్టరీ గోడవారగా పెట్టాడు.

పెట్టె సర్దుతున్నప్పుడు "చెప్పేస్తా హొన్నూరా, నేనే అని" అన్నాను.

"వద్దులేప్పా. ఈ వయసులో నువ్వు మెట్రోలో నిలబడలేవు. నేనైతే నిలబడతా."

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. పదిరోజులకు అతను మిషను మీదే కునుకు తీసి సూది వేలిలోకి దించుకున్నాడు. "ఇంగ రెండు తూర్లు ఇట్లయితే ఊరికి పంపిస్తా" అన్నాడు మేనేజరు, కర్పూరం కళ్ళకద్దుకున్న అదే మనిషి! బళ్ళారిలో ఓనరుకు రాశాను. జవాబు లేదు. అప్పుడు కాంప్లెక్సు ఆఫీసుకే ఇంగ్లీషులో రాసి, ఫోనుతో చైనీసు చేయించి, అయిదు పేర్లూ పెట్టి, మొదట నా పేరు రాసి, నా చేత్తోనే ఇచ్చి వచ్చాను. చదివినవాళ్ళు నవ్వి ఉంటారేమో, నాకు తెలియదు.

నలభై ఏళ్ళు గుడ్డలో తేడా పట్టినవాణ్ణి. పరాయి ఊళ్ళో మన అద్దె గది నిలబడేది గోడల మీద కాదని అక్కడ తెలిసింది. అడిగినప్పుడు పక్కవాడు ఎవరి పేరు చెబుతాడు, ఎవరు ఊరుకుంటారు, దాని మీద. ఊరుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

వారానికి జవాబు వచ్చింది. ఫోను తెలుగులోకి మార్చిన మాటలను కాస్త సరిచేసి ఇక్కడ రాస్తున్నాను:

"మేము అడిగింది నిప్పు పెట్టినవారి పేరు మాత్రమే, జాగ్రత్త చెప్పడానికి. ఇల్లు ఖాళీ చేయమని ఎవరికీ చెప్పలేదు. చనిపోయిన పెద్దల కోసం మేమూ కాగితాలు కాలుస్తాం. అందుకు గేటు పక్కన ఇనుప బకెట్టు ఉంది. వచ్చే ఏడు ఒక రోజు ముందు తెలిపి, బండిని అక్కడికి తెచ్చుకోండి. ఆ బండి ఆయనను తిరిగి రమ్మనండి. ఆయన చార్జింగ్ చోటు ఎవరికీ ఇవ్వలేదు."