క్యాజువాలిటీ నుంచి వచ్చే ఫోను

"వదినా, గ్రేసుకి మళ్లీ కడుపునొప్పి వచ్చింది" అని మా మరిది దేవదానం ఫోన్లో అన్నాడు. మా వాళ్లలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఇంట్లో ఎవరైనా ప్రాణం తీసుకోబోతే చుట్టాలకీ, చర్చిలో ప్రార్థనకీ కడుపునొప్పి అనే చెబుతారు. గ్రేసు అతని కూతురు, మా చెల్లెలి బిడ్డ. తల్లి పోయాక భిలాయిలో తండ్రీ కూతుళ్లిద్దరే మిగిలారు. పిల్ల ఇలా చేయడం ఇది రెండోసారి. స్కూలుకు సెలవు పెట్టి ఆ సాయంత్రమే విజయనగరంలో రాయపూర్ బండెక్కాను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి ఇది.

ఎవరైనా ఇటు వెళ్లదలిస్తే రిజర్వేషన్ ముందే చేయించుకోండి. టీసీని బతిమాలితే నాకు పక్క బెర్తు దొరికింది. ఎదురుగా ఒక ముసలమ్మ, భిలాయి పక్కన కోహ్కాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తోంది. పులిహోర పెట్టి మరీ ఆరా తీసింది.

"ఏటమ్మా, ఒక్కర్తివే ఎల్తన్నావు? ఎవులికైనా బాగోలేదేటి?"

"మా చెల్లెలి కూతురికి. కడుపునొప్పి."

నా నోటికీ ఆ మాటే వచ్చింది. ముసలమ్మ మరేం అడగలేదు, నా మోకాలి మీద చెయ్యేసి నిమిరింది. ఆవిడకూ తెలుసన్నమాట.

తెల్లారాక రాయపూర్‌లో దిగి, టీ తాగి, దుర్గ్ పాసింజరు పట్టుకుని భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాను. దేవదానం స్టీలు ప్లాంటు బూట్లతోనే వచ్చాడు. క్వార్టర్‌కెళ్లి టిఫిన్ చేద్దామన్నాడు. "టిఫిన్ తగలెయ్య, ముందు పిల్లని చూపించు" అన్నాను.

ఆసుపత్రిలో గ్రేసు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఇత్నీ దూర్ ఎందుకొచ్చావు పెద్దమ్మా?" అంది, తల తిప్పకుండానే. గొంతు మా చెల్లెలిదే. నాకు దుఃఖం ఆగలేదు, బయటికి వచ్చేశాను.

క్యాజువాలిటీలో డ్యూటీ సిస్టర్ అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నన్ను కూర్చోబెట్టి కంప్యూటర్ చూపించింది. "ఆంటీ, ఇలా వచ్చినోళ్లు ఘర్ వెళ్లాక మేం ఫోన్ చేస్తాం. ఏ రోజు ఎవరికి చెయ్యాలో ఇదే చెప్తాది. బాగోలేదంటే పేరు లాల్ అవుతాది, డాక్టర్ సాబ్ వెంటనే మాట్లాడతారు. గ్రేస్‌ది చూడండి, అంతా హరా."

నిజమే, పోయినసారి చేసిన ప్రతి ఫోనుకూ ఎదురుగా ఆకుపచ్చ గుర్తే ఉంది. ఆ పిల్లకు అంతా బాగుందని ఎవరు చెప్పారు? పక్కనున్న నంబరు చూశాను. దేవదానందే. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే సెల్లు, అది తండ్రి జేబులో ప్లాంటుకు వెళ్తుంది.

"నువ్వేం చెప్పావయ్యా?" అని వరండాలో నిలబడ్డ దేవదానాన్ని అడిగాను.

"ఠీక్ హై అన్నాను వదినా. చుట్టూ మనుషులుండగా ఇంకేటి చెప్పమంటావు?"

"ఫోనొచ్చిందని పిల్లతో అన్నావా?"

"లేదు. గుర్తు చేసినట్టవుతాదని ఊరుకున్నాను. వండుతోంది, తింటోంది, బాగుందనే అనుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఆ వరండాలోనే కూలబడి, భార్య పోయినప్పుడు కూడా ఏడవనివాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. దాంతో నా కోపం చల్లారిపోయింది. ఏం చేస్తాడు, ఆడపిల్లతో ఎలా మాట్లాడాలో అతనికెవరు నేర్పారు?

వెనక్కి వెళ్లి గ్రేసు మంచం మీద కూర్చున్నాను. "అమ్మా, నిన్ను ఎలా ఉన్నావని అడగడానికి వీళ్లు ఎన్నోసార్లు ఫోన్ చేశారు. మీ నాన్న నీకు చెప్పలేదు."

అప్పుడు ఇటు తిరిగింది. "నా కోసమా? సచ్చీ? నన్ను ఎవరూ అడగలేదనుకున్నాను పెద్దమ్మా." నా ఒళ్లో తలపెట్టి చాలాసేపు ఏడ్చింది.

భిలాయిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేనేమీ చూడలేదు. సెక్టర్ 4 క్వార్టర్‌కీ ఆసుపత్రికీ మధ్య తిరిగాను, అంతే. పిల్లను ఇంటికి పంపే రోజున నా సెల్లులో అక్కడి కొత్త సిమ్ వేయించి గ్రేసు చేతిలో పెట్టాను. సిస్టర్ కంప్యూటర్‌లో పాత నంబరు తీసేసి అది ఎక్కించింది. "శనివారం సాయంత్రం ఐదింటికి చేస్తాను, నువ్వే ఎత్తాలి" అంది. గ్రేసు సెల్లును అటూ ఇటూ తిప్పి చూసింది. దేవదానం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు.

శనివారం నా సెలవు అయిపోయింది. పొద్దున్నే రాయపూర్‌లో విశాఖ పాసింజరెక్కాను. భిలాయి మంచి ఊరే. వెడల్పాటి రోడ్లు, వరుసగా చెట్లు, ఎవరిని పలకరించినా బాగున్నామనే అంటారు. దారంతా నాకు అదే దిగులు. రేపు గ్రేసుకు మళ్లీ ఏమైనా అయితే నాకు తెలిసేదెలా? చేతిలో ఫోనైనా లేదు. సిస్టర్ చేస్తానన్న ఐదు దాటాక బండి రాయగడలో ఆగింది. పక్కసీటు కుర్రాయన మందుల కంపెనీ ఉద్యోగి. అతని సెల్లు అడిగి కొత్త నంబరు నొక్కాను. ఎంగేజ్.

"ఎత్తలేదాండీ?" అన్నాడు.

"ఎవరితోనో మాట్లాడుతోంది నాయనా."

కాసేపాగి మళ్లీ చేశాను. ఇంకా ఎంగేజే. "స్తోత్రం ప్రభువా" అని పైకే అనేశాను. బోగీలో అందరూ నావైపు చూశారు.