బర్రె మందు డబ్బా

మా సంస్థ కాగితాల మీద నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది. అసలు పని మాత్రం పాతబస్తీ గల్లీల్లో తిరుగుతూ, హెచ్‌ఐవీ రాకుండా ఎలా జాగ్రత్తపడాలో జనానికి చెప్పడం. ఆ తిరుగుడులో నేను అరగదీసిన చెప్పులతో ఒక బజారు పెట్టొచ్చు. మధ్యమధ్యలో పత్రికలకు నవ్వు వ్యాసాలు రాస్తుంటాను. నా నోట్లోకి వెళ్లిన చీమ ఏనుగై బయటికొస్తుందని మా ఆవిడ ఫిర్యాదు. అది అన్యాయం. ఒక్క ఏనుగుతో సరిపెట్టుకున్న రోజులు చాలా తక్కువ, సాధారణంగా గుంపే వస్తుంది.

ఆ ఏడాది మా దగ్గరికి ఎనిమిది మంది కుర్ర శాస్త్రవేత్తలు శిక్షణకు వచ్చారు. ఒకమ్మాయి ప్రయోగశాలలో రక్తకణాలు చూసేది, ఒకబ్బాయి గణాంకాలవాడు, ఇంకొకరు డాక్టరు, మరొకరు సమాజశాస్త్రం. హెచ్‌ఐవీని ఆపాలంటే ఇన్ని చదువులవాళ్లూ కలిసి పనిచేయాలన్నది ఆ శిక్షణ ఉద్దేశం. మొదటి రోజు భోజనాల దగ్గర పప్పు అడగడానికే వాళ్లకు ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. గణాంకాలవాడు సగటున ఒకటిన్నర గరిటె చాలన్నాడు. సమాజశాస్త్రం అమ్మాయి పప్పు ముందుగా ఎవరికి వడ్డిస్తున్నారో పుస్తకంలో రాసుకుంది.

నాకు అప్పజెప్పింది ఒక్కటే తరగతి: పరిశోధనలో చేరినవాళ్ల గుట్టు కాపాడటం. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘పేరొక్కటే గుట్టు కాదు’ అని రాశాను. ఇంటి తీరు, చేసే పని, ఒంటి మీది మచ్చ, ఏదైనా మనిషిని పట్టించేస్తుందని పది నిమిషాలు బ్రహ్మాండంగా చెప్పాను. పదకొండో నిమిషంలో గణాంకాలవాడు ఆవలించాడు. ఆ నోరు చార్మినార్ కమానంత తెరుచుకుంది. నేను ఏ బాధైనా ఓర్చుకోగలను గానీ, నా ఎదుట ఆవలింతను ఓర్చుకోలేను.

“ఒకావిడ ఉంది,” అని మొదలుపెట్టాను.

ఆవిడ నిజంగానే ఉంది. పాల వ్యాపారం చేసే ఇల్లు. భర్తకు హెచ్‌ఐవీ ఉన్నట్టు కొత్తగా తేలింది. అతని మందులు పూర్తిగా పనిచేసేదాకా ఆమెకు అంటకుండా రోజుకొక మాత్ర మా అధ్యయనంలో ఇచ్చేవాళ్లం. ఈ సంగతి ఆలుమగలకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు గదుల్లో ఏడుగురు ఉండే ఇంట్లో మాత్రలు ఎక్కడ దాస్తుంది? అరమీదున్న పాత బర్రె మందు డబ్బాలో దాచింది. దానిమీది బర్రె బొమ్మకు ఒక కొమ్ము చెరిగిపోయింది. గొడ్లకు మందు పోసేది ఆమే కాబట్టి ఆ డబ్బా ఇంకెవరూ ముట్టరు. ఆ తెలివి నాకు చెప్పేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒక్కడికే చెప్పింది.

నేను ఎనిమిది మందికి చెప్పాను. పేరు చెప్పలేదు. బస్తీ మార్చాను. నాలుగు బర్రెలను ఇరవై రెండు చేశాను. అత్తగారు కసురుకుంటే కార్వాన్‌లో పావురాలు లేస్తాయన్నాను. కొమ్ము చెరిగిన డబ్బాను నటించి చూపించాను. గది గదంతా నవ్వింది. ఆవలించినవాడు కళ్లు తుడుచుకున్నాడు. రక్తకణాల అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

“సార్, ఆమెను అడిగే చెప్తున్నారా?”

“పేరు చెప్పలేదు కదమ్మా,” అన్నాను. నా వెనక బోర్డు మీద నా దస్తూరీ అలాగే ఉంది.

మూడో రోజు వాళ్లను బస్తీ చూపించడానికి ఛత్రినాక తీసుకెళ్లాను. ఎండ నెత్తిని పెనం చేసి అట్లు పోస్తోంది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆ గల్లీలో ఒక ఇంటి ముందు కూర్చోబెట్టి చల్ల తాగించడం నాకు ఏళ్లనాటి అలవాటు. నా కాళ్లు నన్ను అడగకుండానే అటు తిరిగాయి. గ్లాసులు చేతికొచ్చేదాకా నాకు తట్టనేలేదంటే మీరు నమ్మరు. నేనూ ఇంకా నమ్మలేదు.

తలుపులోంచి కనబడే అరమీద డబ్బా ఉంది. బర్రెకు ఒకటే కొమ్ము.

పదహారు కళ్లు ఒక్కసారి దాని మీదికి వెళ్లాయి, ఒక్కసారే నేలకు దిగాయి. ఆ దించుకోవడం ఆ చూపు కన్నా ఘోరంగా ఉంది. చల్ల పోస్తున్న ఆమె చెయ్యి గాల్లో ఆగింది. డబ్బాను చూసింది, నా వెంట వచ్చిన పిల్లలను చూసింది, చివరికి నన్ను చూసింది. నేను చల్ల గ్లాసులోకి తలదించుకున్నాను. అప్పుడు నా వయసు యాభై నుంచి ఐదుకు పడిపోయింది. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు.

గడప మీద కూర్చున్న అత్తగారు కూడా చూసింది. “ఏంది బిడ్డా, అందరు గా డబ్బ దిక్కే సూస్తున్రు? గది బర్ల మందు. పాతదైంది, పారెయ్యే అంటే ఇనది గీమె. ఏదీ, ఇటు తియ్యి, ఏముందో సూద్దాం.”

ముసలామె చెయ్యి చాచింది.

“ఏం లేదత్తమ్మా,” అంది కోడలు, కదలకుండా. “గీ సార్‌కు కడుపుల మాట ఆగదంట. బర్రె మందు తాపిస్తే ఆగుతదేమోనని గా పిల్లలు సూస్తున్రు.”

అత్తగారు పకపకా నవ్వింది. “గట్లనా! డబ్బ మొత్తం తాపియ్యాలె మరి!” అని చాచిన చెయ్యి తొడ మీద కొట్టుకుంది. పిల్లలు నవ్వినట్టు చేశారు. నేనూ చేశాను. నా జీవితంలో విన్న జోకుల్లో అంత గొప్పది, అంత లోతుగా దిగింది ఇంకోటి లేదు.

గ్లాసులు ఖాళీ చేసి బయటపడ్డాం. ఆఫీసుకెళ్లి మా పెద్ద డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కేకలేయలేదు. “మీరు ఆ ఇంటి వైపు వెళ్లొద్దు. ఆమె వస్తే మరొకరు చూసుకుంటారు,” అంది, అంతే. కేకలేస్తే బాగుండు.

మాత్రలు తీసుకునే రోజు వచ్చింది. ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. మా నర్సు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను రెండు రోజులు గేటు దగ్గర బల్ల మీద కూర్చుని వచ్చే ప్రతి ఆటోనూ చూశాను. నా నోటి దురద వల్ల ఒక మనిషి తన ప్రాణానికి కట్టుకున్న రక్ష తెగిపోతోందని లెక్క వేసుకున్నాను. దానికి గణాంకాలవాడు అక్కర్లేదు.

మూడో రోజు వచ్చింది. నా ముందు నుంచే లోపలికి వెళ్లి, నర్సు దగ్గర మాత్రలు తీసుకుని, బయటికొస్తూ బల్ల దగ్గర ఆగింది. నేను లేచి నిలబడ్డాను.

“తప్పయింది చెల్లె.”

“ఎన్ని బర్లని జెప్పినవ్ అన్నా?”

“ఇరవై రెండు.”

“మా అత్తను?”

“కసురుకుంటే పావురాలు లేస్తాయన్నాను.”

“గన్ని పెంచి జెప్పినోనివి, గా డబ్బ ఒక్కటి ఉన్నదున్నట్టు జెప్పినవేంది?”

ఆ కథలో నవ్వు పుట్టేది అక్కడే గనక, దాన్ని ముట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. నేను దాచింది నా నవ్వును, ఆమె గుట్టును కాదు.

“గోలీల జాగ మార్చిన,” అంది. ఎక్కడికి అని అడగబోయి నోరు సగం తెరిచాను. “సూడు, మళ్ల తెరుస్తున్నవ్,” అంది. మూసుకున్నాను.

ఆ తరగతి ఇప్పుడు రక్తకణాల అమ్మాయి చెబుతోంది. నేను వెనక వరసలో కూర్చుంటాను. ఆవలింతలు వస్తాయి, ఆమె పట్టించుకోదు.

ఇది అచ్చుకివ్వడానికి ముందు ఆ చెల్లెకూ ఆమె భర్తకూ మా ఆఫీసు గదిలో చదివి వినిపించాను. ఆమె దగ్గరుండి మార్పించింది. అందుకే మీరు చదివిన బస్తీ అది కాదు, అవి బర్రెలు కావు, వ్యాపారం పాలది కాదు, డబ్బా అసలు డబ్బానే కాదు. ఒక్క చోట మాత్రం ఆమె ఒప్పుకోలేదు. చల్ల గ్లాసు దగ్గర నేను తలదించుకున్నానని రాసిన వాక్యాన్ని సిగ్గేసి కొట్టేయబోయాను.

“గది ఉండనియ్,” అంది. “అన్ని పెంచుతవ్ గద, గదొక్కటి తగ్గియ్యకు.”