పైకి చూసే కాయ

మా పక్కింటి సైన్సు మాస్టారు పోయారని మొన్న కల్లాపి చల్లుతుంటే చెప్పారు. తీరా అక్కడికి వెళ్ళాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మా పెద్దమ్మాయి మామగారు, మా వియ్యంకుడు గారు దండ పట్టుకొచ్చి, "దేవుడిలాంటి మనిషి" అన్నారు. రెండేళ్ళ కిందట ఆ దేవుణ్ణే తన అరుగు మీంచి లేపి పంపించారాయన.

మా పెద్దమ్మాయికి పిల్లికళ్ళ పిల్ల పుట్టింది. తల్లివీ తండ్రివీ నల్లకళ్ళే. అంతే, పచ్చి బాలింతరాలిని మా గుమ్మంలో దింపి, "ఆ కళ్ళు ఎవరివో మీ అమ్మాయినే అడగండి" అని పోయారు వియ్యాలవారు. ఆనాటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ మిరపగింజల పొట్లాలు ఉండేవి. కాయ కిందికి వేలాడే రకానికీ, పైకి నిలబడే రకానికీ తన చేత్తో పుప్పొడి కలిపారు. ఆ గింజలు వేస్తే అన్నీ వేలాడే కాయలే. "పైకి చూసేది పోయిందనుకున్నారా అక్కగారూ?" అని, వాటి గింజలే మళ్ళీ నాటారు. ఇంచుమించు నాలుగు మొక్కలకొకటి ఆకాశం వైపు కాసింది. "దాక్కుందండీ, అంతే. తల్లి వైపు దాక్కున్నదీ తండ్రి వైపు దాక్కున్నదీ కలిస్తే బయటికొస్తుంది. కళ్ళూ ఇంచుమించు ఇంతే."

ఆ మొక్కలు రెండు పీకి, నన్ను వెంటబెట్టుకుని వియ్యాలవారింటికి వెళ్ళి ఇదే సంగతి చెప్పారు.

"మా కోడలు మిరపమొక్కా మాస్టారూ?" అన్నారు వియ్యంకుడు గారు. అరుగంతా నవ్వింది.

"పోయినేడు హైబ్రిడ్ పత్తి గింజ దాచి మళ్ళీ వేశారుగా. చేనంతా పొట్టీ పొడుగూ కలిసి వచ్చిందా లేదా? అప్పుడు చేను శీలాన్ని అడగలేదేమండీ?"

ఆయన మొహం మాడింది. "మా నాయనవి పిల్లికళ్ళే, కాదనను. రెండు వైపులా ఉండాలంటున్నారుగా, వాళ్ళ వైపు ఎవరికున్నాయో చెప్పమనండి."

అందరూ నా వైపు చూశారు.

మా అమ్మవి పిల్లికళ్ళు. పొద్దున్నే ఆవిడ ఎదురొస్తే జనం వెనక్కి మళ్ళేవాళ్ళు. నా చిన్నప్పుడే పోయింది, నా పిల్లలెవరూ చూడలేదు. అప్పుడు మా చిన్నదానికి సంబంధం చూస్తున్నాం. ఇది బయటపడితే అదీ చెడుతుందేమోనని, "మా వైపు ఎవరికీ లేవండీ" అన్నాను.

"విన్నారుగా, ఇక దయచేయండి" అన్నారాయన.

దారిలో మాస్టారు తిట్టినా బాగుండేది. "భయం తగ్గాక చెప్పండి అక్కగారూ. గింజ ఎక్కడికీ పోదు" అన్నారంతే. చిన్నదాని పెళ్ళీ అయింది, నా భయం తగ్గలేదు. దాని కడుపున ఎలాంటి కళ్ళు పుడతాయోనని కొత్త భయం. ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. పెద్దది మాత్రం రెండేళ్ళు తలొంచుకుని తిరిగింది. నాలాంటి తల్లిని ఏమనాలి?

మొన్న ఆ దండ చూశాక ఇక ఆగలేకపోయాను. శవం ముందే అనేశాను. "మా అమ్మవి పిల్లికళ్ళండీ. ఆ రోజు అబద్ధమాడాను."

"ఇప్పుడా చెప్పేది?" అన్నారు వియ్యంకుడు గారు.

"నాది పిరికితనం. మరి మీది? మీ నాయన కళ్ళు తెలిసీ పసిగుడ్డుని గెంటారు."

దండ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. వాకిట్లో మాస్టారి మొక్కల దగ్గర ఆడుకుంటున్న మా మనవరాలు, పైకి నిలబడ్డ పండుమిరపకాయ ఒకటి తుంచి, ఆ కళ్ళతోనే ఆయన్ని చూస్తూ, ఇదిగో అన్నట్టు చెయ్యి చాచింది.