మేనత్త తల ఊపని తరగతి

మొన్న తిరుపతిలోని ఒక లా కాలేజీ నుంచి ఆహ్వానం వచ్చింది. లీగల్ ఇంగ్లీషు పాఠాల్లో 'మీడియేషన్' అనే నైపుణ్యాన్ని కొత్తగా చేర్చారట. అంటే తగాదాలు తీర్చడం కాదు, ఒక భాషలో ఉన్న మాటను అది అందని మనిషికి అందేలా చెప్పడం. దాని మీద నన్ను వచ్చి మాట్లాడమన్నారు. చదివి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది, ఎందుకంటే సరిగ్గా ఈ పని చేసినందుకే అదే కాలేజీ ఒకప్పుడు నన్ను ఉద్యోగంలోంచి ఇంటికి పంపింది.

మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, వకీలు ముందు కూర్చున్న మనిషి అర్థమైనా కాకపోయినా తల ఊపుతాడు, కాలేదంటే ఆయనకు మర్యాద తక్కువవుతుందేమోనని. మా నాయన చిత్తూరు కోర్టు వరండాలో అలా తల ఊపి, దేనికి ఒప్పుకున్నాడో తెలియకుండానే బావి కింది మడి పోగొట్టుకున్నాడు. అందుకే నా తరగతిలో ఒక నియమం పెట్టాను. ఇంగ్లీషు నోటీసును విద్యార్థి తెలుగులో వివరించాలి, విన్న మనిషి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, అప్పుడే మార్కులు. తల ఊపితే సున్నా. వినడానికి తిరుచానూరులో పూలమ్మే మా మేనత్తను తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ఆమెకు చదువు లేదు గానీ, తల ఊపే అలవాటు కూడా బొత్తిగా లేదు.

ఇంగ్లీషు తరగతిలో తెలుగేమిటని, పూలమ్మే ఆమె మార్కులు తేల్చడమేమిటని ప్రిన్సిపాల్ గారు మెమో ఇచ్చారు. నాది ఏటేటా పొడిగించే ఉద్యోగం, ఆ పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. అయినా ఆపనన్నాను. ఒకరోజు ఆయనే తరగతికి వచ్చారు. ఆ రోజు మేనత్త చేతిలో ఉన్నది నిజం నోటీసే, ఆమె ఏ లాడ్జి గేటు పక్కన పూలు పెట్టుకునేదో ఆ లాడ్జి వాళ్ళు పంపింది. ఎలా చెప్పాలో చూపిస్తానని ప్రిన్సిపాల్ గారు దాన్ని అందుకుని, పెద్ద పెద్ద మాటలతో చాలాసేపు చెప్పి, మిగతాది మీ లాయరు చూసుకుంటాడులేమ్మా అని ముగించారు.

"అట్ల చెప్పేవాళ్ళు చానామంది ఉండారు సారూ. రేపు నేను ఆడ కూర్చోవచ్చునా, కూడదా?" అంది మేనత్త.

వెనక బెంచీలోంచి, ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పిన చిత్తూరు పిల్ల లేచింది. "ఇది కోర్టు మాట కాదమ్మా, లాడ్జి వాళ్ళ లాయరు రాసినాడు. పదైదు దినాల్లో ఖాళీ చెయ్యి, లేకుంటే కోర్టుకు పోతామంటా ఉండాడు. రేపు కూర్చో, జవాబు మాత్రం రాయించు."

మేనత్త దాన్ని పొల్లు పోకుండా తిరిగి చెప్పి, అక్కడి నుంచి లేవనంటూ లాడ్జి ఓనరును నోరారా తిట్టింది. ఆ పిల్ల తిట్లన్నీ వదిలేసి, లేవనన్న మాటను మాత్రం నోటీసుకు జవాబుగా గట్టిగా ఇంగ్లీషులో పెట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ రోజు మా నాయనకు ఇలాంటి పిల్ల ఒక్కతి దొరకలేదే అని.

ఆ ఏడు నాకు పొడిగింపు రాలేదు. మేనత్త మాత్రం బతికున్నంత కాలం ఆ గేటు పక్కనే పూలమ్మింది.

ఇప్పుడు పిల్లలు ల్యాప్‌టాప్‌కు వివరిస్తే అదే మార్కులిస్తుందట. ఫోటో తీస్తే చాలు, ఫోన్ కూడా నోటీసును తెలుగులో చదివి వినిపిస్తోంది, మంచిదే. కానీ అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అని నిలదీసే మనిషే ఆ గదిలో లేదు. వస్తానని జవాబు రాశాను, ఒక్క షరతు మీద. ఇంగ్లీషు రాని మనిషినొకరిని కుర్చీలో కూర్చోబెట్టాలి, ముందుగా ఇప్పుడున్న ప్రిన్సిపాల్ గారే ఆ మనిషికి వివరించి మార్కులు తెచ్చుకోవాలి. కుదరదంటారా, అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారి నాకు కొత్త కాదు.