అప్పన్న పుండూ, నీలం చుక్కా

మీ ఇంట్లో మందుల డబ్బాలో ఎవరో సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్ మాత్రలు లేవని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళతో వేదికలెక్కి వాదించాను. పూనకాలను ప్రశ్నించి తిట్లు తిన్నాను. ఇది రాస్తున్నదీ ఆ మనిషే.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి వేసవి. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో సూక్ష్మజీవుల గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. సముద్రం ఒడ్డున మా ఊళ్ళో అప్పన్న నా చిన్ననాటి స్నేహితుడు. చేపల వేటకు వెళ్ళేవాడు. ముల్లు గుచ్చుకుని కాలు పుండు పడితే డాక్టరు మాత్రలు రాశారు. ఉప్పునీళ్ళలో తాళ్ళు లాగి పడవలో అందరి చేతులూ కోసుకుపోయి ఉన్నాయి. అప్పన్న ఆ మాత్రలను చేపల్లాగే వాటాలు వేసి పంచేశాడు.

కోప్పడ్డాను.

"వలలో పడ్డది అందరం పంచుకుంటాం గదా మేస్టారూ. మందొక్కటీ నానొక్కడ్నే మింగీమంటావేటి?"

చాలీచాలని మందుకు చావకుండా మిగిలిన సూక్ష్మజీవే మొండిదై పెరుగుతుందని చెప్పాను. పగలబడి నవ్వాడు. "దెయ్యాల్లేవంటావు. కంటికి అవుపడని పురుగులున్నాయంటావు. నీ మాటేటి నమ్మాలి?"

కొన్నాళ్ళకే కాలు నల్లబడింది. ఆసుపత్రిలో పెట్టిన ఏ మందుకూ పుండు లొంగలేదు.

అప్పన్న పడవ లాగిపెట్టే చోట, సరుగుడు చెట్ల కింది మట్టి నుంచి వేరుచేసిన ఒక బాక్టీరియా అప్పటికే నా ల్యాబులో ఉంది. మనం వాడే యాంటీబయాటిక్‌లలో చాలావాటికి మూలం ఇటువంటి మట్టి జీవులే. అయితే తిండి దండిగా ఉన్నంతకాలం వాటికి పెరగడమే పని. ఆకలి మొదలయ్యాక, అంతదాకా నిద్రపోతున్న జన్యువులు మేలుకుంటాయి. పెరుగుదల ఆగి, ఒంట్లో సరుకంతా మందు తయారీకి మళ్ళుతుంది. నా దగ్గరున్నది తిండి లేకుండా ఎంత మాడ్చినా మేలుకోలేదు. మందు తయారైతే రంగు రావాలి, అదేమో తెల్లగానే ఉండిపోయేది.

పుండులోని సూక్ష్మజీవి నమూనా ఆసుపత్రి ల్యాబు నుంచి తెచ్చి, ఆకలికి లేవనిది శత్రువును చూసైనా లేస్తుందేమోనని, తిండి దండిగా ఉన్న గాజు పళ్ళెంలో ఆ మట్టి బాక్టీరియా పక్కనే పెంచాను. ఒక రోజు పొద్దున చూస్తే పుండు సూక్ష్మజీవి పళ్ళెమంతా పరుచుకుంది. నడుమ ఎప్పటిలాగే తెల్లచుక్క.

మధ్యాహ్నం అప్పన్న భార్య పోలమ్మ ఫోన్ చేసింది. "మీ వోడు ఎల్లిపోనాడు మేస్టారూ. మట్టి వాసనొస్తన్నాది, వాన పడతన్నాదేటే అని అడిగినాడు. అంతే."

బయట నిప్పులు చెరుగుతున్న ఎండ.

ఏం చెయ్యాలో తోచక పళ్ళెం బయటికి తీశాను. తెల్లచుక్క ముదురు నీలంగా మారింది. దాని చుట్టూ పుండు సూక్ష్మజీవి కరిగిపోయి, శుభ్రమైన వలయం. మూత తీయగానే తొలకరి మట్టి వాసన. ఆ వాసన పుట్టించేది ఇటువంటి బాక్టీరియాయేనని పాఠం చెప్పినవాణ్ణి నేనే. అది ఆసుపత్రి మంచం దాకా ఎలా వెళ్ళింది?

వేడి, తిండి, కల్తీ అన్నీ పరీక్షించాను. ఆ నీలం చుక్క నుంచే తీసి మళ్ళీ మళ్ళీ పెంచాను. ప్రతిసారీ తెలుపే. కాకతాళీయం అనవచ్చు. నేనూ అదే అంటాను. ఆ మాట నాకే చాలడం లేదు.

పళ్ళెం ఫొటో వాట్సాప్‌లో ఊరు చేరింది. అప్పన్నే తన పడవ దగ్గరి మట్టిలో చేరి దాన్ని మందు చేశాడన్నారు. సరుగుళ్ళ కింద తవ్వి పుళ్ళకు రాసుకున్నారు. అదే పడవ మనిషి సింహాచలం చేతికి రాసుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు లేదు.

నాకు తెలియనిది తెలియదని ఒప్పుకుంటాను. తెలిసినదాన్ని మాత్రం దానికి బలివ్వను. లేవండి. ఆ డబ్బా తెరవండి. అందులోని సగం మాత్రలు ఎవరివో అడగండి, ఎవరికీ పంచకండి. పుండు మీద మట్టి ఉంటే కడిగి, ఇప్పుడే డాక్టరు దగ్గరికి నడవండి.